ప్రాణం ఉండే చోట

తిరువళ్ళూరు
12 జులై 1976

అక్కకు,

శివప్రకాశం నమస్కారాలు. బావను అడిగానని చెప్పు.

మా ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చేసింది. ఎంత పెద్దదంటే, గుమ్మంలో పట్టక గోడ పగలగొట్టి లోపలికి తోశారు. పంపుసెట్లు లారీల్లోకి ఎక్కించే కూలీలంతా పని వదిలేసి దాని చుట్టూ మూగారు. "ఇది వచ్చింది గదా, ఇంక మన కడుపు కొడుతుందా?" అని ఒకాయన అడిగాడు.

ఇంత ఉన్నా ఇది చిన్న కంప్యూటరేనట. పెద్దవాటి వంశంలో కడగొట్టుది. పెద్దవాటిని కొనే తాహతు లేని కంపెనీల కోసం అమెరికా వాళ్ళు చేశారు. నేను పలక పట్టుకునే రోజుల్లో అక్కడ పుట్టింది. అక్కడ కొన్నేళ్ళు, తర్వాత బొంబాయి మిల్లులో కొన్నేళ్ళు చాకిరీ చేసి ఇప్పుడు మా దగ్గరికి వచ్చింది. పాతదే, కానీ దీపాలు మిణుకుమిణుకుమంటుంటే మా మేనేజరు దొరస్వామి సారు కొత్త పెళ్ళికొడుకులా చుట్టూ తిరుగుతున్నారు.

అసలు సంగతి చెప్పలేదు. నేను రాసిన పరీక్షలో పాసయ్యాను. టైమాఫీసు నుంచి తీసి నన్ను దీని ఆపరేటరుగా వేశారు. జీతాల లెక్కలన్నీ ఇక దీని మీదే. గదిలోకి చెప్పులు విప్పి పోవాలి. లోపల ఏసీ. మన తిరువళ్ళూరు ఎండలో స్వెటరు వేసుకుని కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే అని ఏసు వెక్కిరిస్తున్నాడు. ఏసు కార్డులకు కన్నాలు కొట్టే మిషను మీద పని చేస్తాడు. మంచివాడు, నోరు మాత్రం ఆగదు.

దీనికి మాటలు తెలియవు. అట్టలకు కన్నాలు పొడిచి నోట్లో పెడితే చదువుకుంటుంది. నీ పేరు కొట్టించి ఒక అట్ట ఈ కవరులో పెట్టాను. ఆ కన్నాలన్నీ కలిపితే వళ్ళియమ్మ.

నీ తమ్ముడు
శివప్రకాశం

*

కే.జీ.కండిగై
5 ఆగస్టు 1976

ప్రకాశానికి అక్క వళ్ళియమ్మ దీవించి రాసేది.

జాబు అందింది. తెలుగులో రాసినందుకు సంతోషం. ఇక్కడ నీ ఈడు పిల్లలంతా అరవమే రాస్తారు. నాయన మగ్గం గుంటలో కూర్చోబెట్టి నేర్పిన అక్షరం నువ్వైనా మరిచిపోలేదు. కానీ కోడి గీకినట్టుండాదిరా నీ రాత. కంప్యూటరు చదువుతుందేమో గానీ నేను చదవలేక చచ్చినాను.

అట్ట చూసి మీ బావ, "ఇదేందే, జకార్డు అట్ట మాదిరి ఉండాది. మగ్గానికి కడితే ఏం పువ్వు పడుతుందో!" అన్నాడు. "పువ్వు కాదు, నా పేరు పడుతుంది" అన్నాను. నాయన మగ్గం పక్కన గోడకు తగిలించినాను. సాయంత్రం దీపం పెట్టినప్పుడు కన్నాల్లోంచి వెలుతురు గోడ మీద పడుతుంది. అదే నా పేరు కాబోలు అనుకుంటాను.

ఆడికృత్తికకు తిరుత్తణిలో మురుగన్ కొండెక్కినాను. కావళ్ళ జనం, ఇసకేస్తే రాలలేదు. నీ మిషనుకని ఒక టెంకాయ కొట్టించినాను. అయ్యవారు "పేరు, నక్షత్రం చెప్పమ్మా" అన్నాడు. ఏం చెప్పేది? పేరు కంప్యూటరు, నక్షత్రం కృత్తిక అన్నాను. ఆయన మంత్రం మధ్యలో ఆగి నా ముఖం చూసినాడు. వెనకాల నిలబడిన ఆడవాళ్ళు నవ్వినారు. నవ్వనీ.

చెప్పులు విప్పి పోయే చోట్లు నాకు రెండే తెలుసు, గుడీ మగ్గం గుంటా. నీది మూడోదన్నమాట. అమ్మ పోయినాక నిన్ను చంకనేసుకుని మగ్గం మీద నాడె ఆడించినదాన్ని. అట్లాంటి నా తమ్ముడు స్వెటరేసుకుని కూర్చుంటాడంటే నాకింకేం కావాల? దాన్ని జాగ్రత్తగా చూసుకో. కూడు పెట్టే వస్తువును కాలితో తాకొద్దు.

అక్క

*

తిరువళ్ళూరు
20 మార్చి 1977

అక్కకు,

పోయిన ఆదివారం నేను తిరిగి వచ్చేటప్పుడు నువ్వు కట్టిచ్చిన చింతకాయ పచ్చడి రైల్లోనే సగం అయిపోయింది. తిన్నది ఏసు. వాడు కనకమ్మ సత్రంలో పెళ్ళి చూసుకుని తిరుత్తణిలో అదే బండి ఎక్కాడు. నా ఖర్మ.

నీకు ఒక వింత చెప్పాలి. నిన్న అమెరికా కంపెనీ ఇంజనీరు వచ్చి మిషను తలుపు తెరిచాడు. దాని జ్ఞాపకశక్తి ఎక్కడుంటుందో చూపించమన్నాను. చూపించాడు. అక్కా, అది నేత! ఆవగింజంత రింగులు, వాటిలోంచి నిలువుగా పోగులు, అడ్డంగా పోగులు. అచ్చం పడుగూ పేకా. పోగులు రాగివి, అంతే తేడా. ఒక్కో రింగులో ఒక్కో ముక్క గుర్తుంటుందట. ఎవరు చేశారంటే, ఆడవాళ్ళే, చేత్తో, సూదితో గుచ్చారన్నాడు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఏదో ఒక రోజు నిన్ను తీసుకొచ్చి అది చూపిస్తాను. బయటివాళ్ళను గదిలోకి రానివ్వరు, అయినా దొరస్వామి సారును బతిమాలుతాను.

ఇంకొకటి ఉంది, డిస్కు. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి నడుమ ఇరుసు గుచ్చినట్టు ఉంటుంది. లెక్కలన్నీ దాని మీద దాస్తాము. బట్టలుతికే పెద్ద తొట్టి లాంటి దాంట్లో పెడితే గిర్రున తిరుగుతుంది. దాన్ని చదివే తల పళ్ళేన్ని తాకదు, వెంట్రుకవాసి ఎడంలో తేలుతుంది. అందుకే దుమ్మంటే భయం. అలాంటి తొట్లు మాకు రెండున్నాయి.

పోయిన ఆయుధపూజకు గది తలుపు మీద చందనం పెట్టి, బయట గుమ్మడికాయ కొట్టాం. లోపలికి సాంబ్రాణి కూడా రానివ్వలేదు దొరస్వామి సారు. ఏసు కూడా దణ్ణం పెట్టాడు. "కూడు పెట్టే మిషనుకు కులమేంది, మతమేంది?" అన్నాడు.

శివప్రకాశం

*

తిరువళ్ళూరు
26 ఆగస్టు 1979

అక్కకు,

జాబు రాయడం ఆలస్యమయింది, తిట్టుకోకు. మనసు బాగాలేదు.

అమెరికా కంపెనీ పోయిన ఏడే దేశం వదిలి వెళ్ళిపోయిందని చెప్పాను కదా. సర్కారుకూ వాళ్ళకూ కుదరలేదట. ఆ ఇంజనీరు పోయే ముందు మిషను మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. విడిభాగాలు ఇక దొరకవని అప్పుడే చెప్పాడు. ఇప్పుడు మద్రాసు నుంచి సర్కారు ఇంజనీరు వస్తున్నాడు. పాపం తెలివైనవాడే, కానీ చేతిలో సామాను లేకుండా ఏం చేస్తాడు? ఒక చోట బాగుచేస్తే ఇంకో చోట ఆగుతోంది. ముసలి ఎద్దుకు దాణా పెట్టినట్టు పెడుతున్నాం.

పోయిన నెల జీతాలు ఆలస్యమయ్యాయి. గేటు దగ్గర గొడవ. పైనుంచి వచ్చిన పెద్దమనిషి అందరి ముందూ అన్నాడు: ఇది ఇంకోసారి పెద్దగా చెడితే లెక్కలు మద్రాసులో చేయించుకుంటాం, ఈ గదికి తాళమే అని. గదికి తాళమంటే నాకూ తాళమే. మళ్ళీ ఏ గుమాస్తా పనో, అదీ ఇస్తే. నువ్వు నాకు చూసిన పిల్ల తరఫువాళ్ళకు కొంచెం ఆగమని చెప్పు. పని ఉంటుందో ఊడుతుందో తెలియనివాడికి పెళ్ళేమిటి?

నిజం చెప్తున్నా, అది ఆగిన రోజు నాకు అన్నం సయించదు. ఉద్యోగం కోసం కాదు, దాని కోసమే. దీపాలు ఆరిపోయి అది ఊరికే నిలబడితే చూడలేను.

శివప్రకాశం

*

కే.జీ.కండిగై
18 సెప్టెంబరు 1979

ప్రకాశానికి అక్క దీవెనలు.

నీ జాబు చదివి రాత్రి మీ బావా నేనూ సరిగ్గా తినలేదు. పొద్దున్నే కొండెక్కినాను. స్వామి ముందు నిలబడి, "నా తమ్ముడి మిషనును కాపాడు, నీకు వెండి వేలాయుధం చేయిస్తా" అని మొక్కుకున్నాను. ఇందులో విభూతి పొట్లం పెట్టినాను. స్వామి మీద అభిషేకం చేసింది, బజారు విభూతి కాదు.

ఇప్పుడొక మాట చెప్తా, విను. మీరు ప్రతి ఏడూ తలుపుకు చందనం పెట్టి చేతులు దులుపుకుంటా ఉండారు. తలుపుకు పెడితే ఏం ఫలంరా? మనం ఆయుధపూజకు విభూతి యాడ పెడతాం? మగ్గం కాళ్ళకు పెడతామా? పడుగు పోగులు దూర్చే అచ్చుకు పెడతాం, నాడెకు పెడతాం. నేత నడిచేది అక్కడ కాబట్టి. మనిషికైనా నుదుటన పెడతాం గానీ చొక్కాకు పెట్టం గదా. నీ మిషనుకు ప్రాణం యాడ ఉండాదో నీకు తెలుసు. ఆ చోట పెట్టు. చిటికెడు చాలు. నీ చేత్తో పెట్టు, ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఏం కాదు. మురుగన్ ఉండాడు. దీపావళికి వచ్చేటప్పుడు నవ్వుతా రావాల.

అక్క

*

తిరువళ్ళూరు
14 అక్టోబరు 1979

అక్కకు,

విభూతి అందింది. ఆయుధపూజ జరిగింది. నువ్వు చెప్పినట్టే పెట్టాను. మిషను బాగుంది.

పని ఎక్కువగా ఉంది. దీపావళికి రాలేను. బావకు చెప్పు.

శివప్రకాశం

*

కే.జీ.కండిగై
2 జూన్ 1980

ప్రకాశానికి అక్క దీవెనలు.

దీపావళికి రాలేదు. తమిళ ఉగాదికి రాలేదు. నాయన తద్దినానికైనా వస్తావని ఇంగువ వేసి పులుసు పెట్టినాను. రాలేదు. తిరువళ్ళూరులో తాగిన కాఫీ తిరుత్తణిలో దిగేదాకా నోట్లో తియ్యగానే ఉంటుంది, అంత దగ్గర. కాశీలో ఉండావా నువ్వు? నేను బయల్దేరి వస్తానంటే వద్దంటావు. ఎవత్తినైనా చూసుకున్నావా? చూసుకుంటే చెప్పరా, కొట్టను. నీ పెండ్లి మాట ఎత్తితే నీ జాబులో ఆ ఊసే ఉండదు.

మీ బావ, "పెద్ద ఆఫీసరైపోయినాడు, మనం కనబడం" అంటాడు. నేను ఒప్పుకోలేదు. మిషను బాగా తిరుగుతా ఉంటే పని ఎక్కువ ఉంటుంది గదా అన్నాను. వెండి వేలాయుధం మొక్కు తీర్చేసినాను. నీ జాబు చదివినాక ఇంక ఆగేదేముంది? స్వామి మాట నిలబెట్టుకున్నాడు, మనమూ నిలబెట్టుకోవాల.

ఈ కృత్తిక విభూతి పెట్టినాను. పోయినసారి పెట్టిన చోటే పెట్టు.

అక్క

*

తిరువళ్ళూరు
9 నవంబరు 1981

అక్కకు,

నీ జాబూ పొట్లమూ అందాయి. పెట్టాను. మిషను బాగా తిరుగుతోంది. సర్కారు ఇంజనీరు కూడా మెచ్చుకుంటున్నాడు, ఇంత పాత మిషను ఇంత చక్కగా నడవడం ఎక్కడా చూడలేదన్నాడు. గదిలో ఎప్పట్లాగే చలి. స్వెటరు మోచేతుల దగ్గర చిరిగింది. కొత్తది కొంటాను.

బావకు దగ్గు తగ్గిందా? పవర్‌లూమ్ షెడ్డులో పనికి పోతున్నాడని రాశావు. ఆ దూది దుమ్ము మంచిది కాదు, ముక్కుకు తువ్వాలు కట్టుకోమను. మరి నాయన మగ్గం?

నేను వస్తాను. ఎప్పుడో చెప్పలేను.

శివప్రకాశం

*

కే.జీ.కండిగై
21 ఫిబ్రవరి 1983

ప్రకాశానికి,

నిన్న సంతలో ఏసు కనబడినాడు. వాడి పెండ్లాం ఆరోగ్యమేరి పుట్టిల్లు ఇక్కడే గదా, బిడ్డను చూపించడానికి వచ్చినారంట. నేను మునక్కాయలు బేరమాడుతా ఉంటే వాడే వచ్చి పలకరించినాడు.

"అక్కా, మీ తమ్ముడు బాగుండాడు. స్టోరులో పని తేలికే" అన్నాడు.

"స్టోరేంది? వాడు కంప్యూటరు గదిలో గదా ఉండేది?" అన్నాను.

"యాడ కంప్యూటరక్కా! విభూతి పడి డిస్కులు పోయిననాడే వాణ్ణి..." అని నాలిక కరుచుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నీ బిడ్డ మీద ఒట్టు, చెప్పు" అన్నాను. చెప్పినాడు. ఏసును ఏమీ అనొద్దు. వాడు నాకు తెలుసనుకున్నాడు.

మునక్కాయల సంచి అంగట్లోనే వదిలేసి వచ్చినాను.

ప్రాణం ఉండే చోట పెట్టమని రాసింది నేను. నువ్వు పెట్టినావు. నువ్వు చదువుకున్నోడివి, దుమ్మంటే భయమని నాకు చెప్పినోడివి, అయినా అక్క మాటని పెట్టినావు. నా రాతతోనే నీ నోటికాడి కూడు తీసేసినాను. దానికి ఏడ్చినాను, అది వేరే.

కానీ ప్రకాశం, తర్వాత పంపిన ప్రతి పొట్లానికీ "పెట్టాను, మిషను బాగా తిరుగుతోంది" అని రాసినావే. నేను ఆ జాబులు వీధిలో ఆడవాళ్ళందరికీ చదివి వినిపించినాను. కన్నియమ్మ తన కొడుకు లారీకి పెట్టుకుంటానని నా దగ్గర విభూతి తీసుకుపోయింది, నాది రాశి గల చెయ్యి అని. నన్ను ఎందుకు ఇట్లా చేసినావు? తిట్టి ఉంటే బాగుండేది గదరా. "నీ వల్ల పోయింది" అని ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఆనాడే కడుపారా ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు రాకపోతే పని ఎక్కువనుకున్నా. నా ముఖం చూడలేక రాలేదని ఇప్పుడు తెలిసింది.

వళ్ళియమ్మ

*

తిరువళ్ళూరు
27 ఫిబ్రవరి 1983

అక్కకు,

ఇంకేమీ దాచను.

ఆ రోజు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. బయట అందరూ గుమ్మడికాయ దగ్గరున్నారు. డిస్కు మూత తీశాను. పళ్ళేల మీద పెట్టలేదక్కా, అంత తెలివితక్కువవాణ్ణి కాదు. నడుమ ఇరుసు మీద పెట్టాను, చిటికెడే. అక్కడైతే తలకు తగలదులే అనుకున్నాను. నీ మాటా చెల్లుతుంది, మిషనుకూ ఏమీ కాదు అనుకున్నాను. మర్నాడు విజయదశమికి స్విచ్చి వేశాను. అది గిర్రున తిరిగేసరికి ఆ గాలికి విభూతి లేచి పళ్ళేల మధ్యకు పోయింది. గీ అని కూత పెట్టింది. ఆ కూత ఇప్పటికీ వినపడుతుంది నాకు.

అక్కడితో ఆపి ఉంటే ఒక్కటే పోయేది. తప్పు తొట్టిలో ఉందేమో, పళ్ళేలు బాగానే ఉన్నాయేమో అని వాటిని తీసి రెండో తొట్టిలో పెట్టాను. గీతలు పడ్డ పళ్ళెం దాని తలనూ కోసేసింది. రెండు తొట్లనూ నేనే చంపాను. రెండోది నీ విభూతి కాదు, నా కంగారు. అది నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

ఇంజనీరు వచ్చి, లోపల వేలితో తుడిచి, వాసన చూసి, "విభూతి" అన్నాడు. కోప్పడలేదు. తల వంచుకున్నాడు. కొత్త తలలు దొరికే చోటు లేదు. నన్ను పనిలోంచి తీసెయ్యమన్నారు. దొరస్వామి సారు కాళ్ళావేళ్ళా పడి స్టోరుకు మార్పించారు. అట్టలతో కొన్నాళ్ళు కుంటుతూ నడిచింది. తర్వాత ఒక రోజు ఆపేశారు. లెక్కలు ఇప్పుడు మద్రాసులోనే. దాని మీద గుడ్డ కప్పారు. స్టోరుకు పోయే దారిలో అద్దంలోంచి కనబడుతుంది. చూడకుండా పోదామనుకుంటాను, చూస్తాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు మళ్ళీ కొండెక్కవని నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు కొండ మానలేదు. నీకు ఉన్నది అదొక్కటే. దాన్ని నా చేతులతో తీసెయ్యలేకపోయాను. అబద్ధం రాసిన ప్రతిసారీ ఇదే చివరిది అనుకున్నాను.

నువ్వు పంపిన పొట్లాలు ఒక్కటీ పారెయ్యలేదు. రోజూ నా నుదుటికి పెట్టుకుంటున్నాను.

శివప్రకాశం

*

కే.జీ.కండిగై
15 మార్చి 1983

ప్రకాశానికి,

నీ మీద కోపం లేదు. నువ్వనుకున్నదే అయింది. కొండకు పోవడం మానేసినాను. స్వామి మీదా కోపం లేదు. విభూతి డబ్బీ అటక మీద పెట్టేసినాను, అంతే.

కొన్నాళ్ళు రావద్దు. నిన్ను చూస్తే నేను తట్టుకోలేను.

వళ్ళియమ్మ

బామ్మర్దీ, కింద రెండు ముక్కలు నేను రాస్తా ఉండాను. మీ అక్క పగలంతా మామూలుగానే ఉంటుంది. కృత్తికనాడు కొండ మీద గంట మోగితే మాత్రం లోపలికి పోయి తలుపేసుకుంటుంది. నేను ఏం చెప్పినా వినేది లేదు. నువ్వు జాబు రాయడం మానొద్దు. - తణికాచలం

*

తిరువళ్ళూరు
3 సెప్టెంబరు 1985

అక్కకు,

నెలనెలా రాస్తున్నాను. నువ్వు రాసేది రెండు వాక్యాలే. అయినా చాలు.

ఈసారి చెప్పాల్సిన కబురుంది. మిషనును అమ్మేశారు. నడిపించేవాళ్ళకు కాదు, పాత ఇనుము వ్యాపారికి. దాని గదిలో ఇప్పుడు బల్ల మీద పట్టే కొత్త కంప్యూటరు పెడతారట. టీవీ పెట్టె అంతే ఉంటుంది. దీని పని అంతా అదే చేస్తుందట. దొరస్వామి సారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. "నేనూ అదీ ఒకే నెలలో పోతున్నాం శివప్రకాశం" అన్నారు. నవ్వుదామని అన్నారు గానీ నవ్వలేకపోయారు.

వచ్చే వారం లారీ వస్తుంది. ఆ రోజు సెలవు పెట్టి ఎక్కడికైనా పోదామనుకుంటున్నాను. చూడలేను.

శివప్రకాశం

*

కే.జీ.కండిగై
7 సెప్టెంబరు 1985

ప్రకాశానికి అక్క వళ్ళియమ్మ దీవించి రాసేది.

సెలవు పెట్టొద్దు. దగ్గరుండి పంపించు. మనింట్లోంచి ఏదైనా పోతా ఉంటే మనం పారిపోతామా?

నీకొకటి చెప్పలేదు. నాయన మగ్గం గుంటలోంచి తీసేసినాము, రెండేండ్లయింది. మీ బావకు షెడ్డు పనే సరిపోతుంది, నాకు చూపు ఆనడం లేదు. పక్క ఊళ్ళో ఎవరికో ఇచ్చేస్తామని మీ బావ పోగులన్నీ కోయబోయినాడు. నేను కోయనివ్వలేదు. నాయన ఏమనేవాడో గుర్తుందా? బట్ట కోసినా అచ్చులో పోగులు ఉంచాల, వచ్చేవాళ్ళు తమ పడుగు వాటికే అతుక్కుంటారు, ఖాళీ నోటితో మగ్గం గడప దాటకూడదు అనేవాడు. మూరెడు పోగులు ఉంచే పంపించినాను. ఎవరు అతికినారో, లేక పొయ్యిలో పెట్టుకున్నారో తెలియదు. మన చేతిలో ఉన్నంత మనం చేసినాము.

నీ మిషనునూ ఖాళీ నోటితో పంపొద్దు. నా పేరు అట్ట ఇందులో పెట్టినాను. ఇన్నాళ్ళూ గోడకే ఉండింది. కొంచెం పొగ పట్టింది, తుడిచినాను. దాని నోట్లో పెట్టు.

ఇంకో పొట్లం ఉండాది చూడు. నిన్న పొద్దున కొండెక్కినాను. కూర్చుని కూర్చుని ఎక్కినాను. అయ్యవారు గుర్తుపట్టి, "ఏమ్మా, నీ కంప్యూటరు బాగుండాదా?" అన్నాడు. పోతా ఉండాది సామీ అన్నాను. పెద్దాయన విభూతి దోసిట్లో పోసినాడు.

దీన్ని నేను చెప్పిన చోటే పెట్టు. ఇప్పుడు పెడితే చెడిపోయేదేమీ లేదు గదా? ఎందుకైనా మంచిది, ముందు ఎవరినైనా అడిగి పెట్టు.

అక్క

*

తిరువళ్ళూరు
12 సెప్టెంబరు 1985

అక్కకు,

సెలవు పెట్టలేదు.

నీ జాబు పట్టుకుని దొరస్వామి సారు దగ్గరికి పోయాను. విభూతి పెట్టొచ్చా అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇప్పుడు నువ్వు బకెట్టుతో నీళ్ళు పోసినా ఏం కాదురా, పో" అన్నారు. ఆయనే తాళం తీశారు. ఏసు కూడా వచ్చాడు. ముగ్గురం చెప్పులు విప్పి లోపలికి పోయాం. ఏసీ లేదు. గదంతా ఉడుకు. గుడ్డ తీస్తే దుమ్ము లేచింది, ఆ గదిలో దుమ్ము!

డిస్కు మూత తీశాను. గీతలు పడ్డ పళ్ళేలు అలాగే ఉన్నాయి. ఇరుసు మీద విభూతి పెట్టాను. చిటికెడు కాదు, గుప్పెడు. పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది అక్కా. ఇప్పుడు ఏమీ కాదని తెలిసినా ఆగింది. ఏసు నా మోచెయ్యి పట్టుకుని, "పెట్టురా, అక్క పంపింది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. అది చెడిపోయిన రోజు కూడా ఏడవలేదు నేను.

నీ అట్టను అట్టలు తినే చోట పెట్టాను.

లారీవాళ్ళు గొడ్డళ్ళు తెచ్చారు. వైర్లు విప్పే ఓపిక వాళ్ళకెక్కడిది, నరికేశారు. జ్ఞాపకం ఉండే పెట్టెను గడ్డపారతో తెరిచారు. రాగి పోగుల నేత ఎండలో తళతళమంది. నీకు చూపిస్తానన్నది అదే. ఒక్క ముక్క ఇవ్వమని వ్యాపారిని అడిగాను. "రాగి సార్, తూకంలో పోయేది" అన్నాడు. దొరస్వామి సారు అడిగినా ఇవ్వలేదు. నీకు చూపించలేకపోయాను. ఏ ఊరి ఆడవాళ్ళు గుచ్చారో, వాళ్ళకు కూడా ఇప్పుడు నీలాగే చూపు ఆనదేమో.

లారీ ఎక్కించేటప్పుడు ఒక కూలీ మిషను నోట్లో ఉన్న అట్టను చూసి లాగబోయాడు. "వద్దు, ఉండనీ" అన్నాను. "ఏముంది సార్ దాంట్లో?" అన్నాడు. "మా అక్క" అన్నాను. పిచ్చోడనుకున్నట్టున్నాడు, వదిలేశాడు. లారీ మద్రాసు రోడ్డు మలుపు తిరిగేదాకా ముగ్గురం గేటు దగ్గరే నిలబడ్డాం.

రావద్దని నువ్వు రాసి రెండేళ్ళు దాటింది. నేను రాకుండా ఉన్నది ఆరేళ్ళు. ఇక ఆగలేను. ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. నన్ను చూసి తట్టుకోలేనంటే తలుపేసుకో, నేను గుమ్మంలో కూర్చుంటాను. చింతకాయ పచ్చడి ఉంటే చాలు.

శివప్రకాశం